సోమవారం వెలగని కంప్యూటర్

గుల్షన్ మెట్లెక్కి వచ్చేసరికి బ్రాడీపేట నాలుగో లైన్లో కరెంటు పోయింది. 2003 మే నెల, మంగళవారం, పొద్దున పదింటికే ఎండ నిప్పులు చెరుగుతోంది. కింద కోచింగ్ సెంటర్లో పిల్లలంతా ఒక్కసారిగా "హో" అని అరిచారు. పైన రహమతున్నీసా గారు మాత్రం తాపీగా విసనకర్ర అందుకుని, గుమ్మంలో నిలబడ్డ అమ్మాయిని ఆపాదమస్తకం చూసి, "ముందు మంచినీళ్లు తాగు తల్లీ. ఏడుపుదేముంది, తర్వాతైనా ఏడవొచ్చు" అన్నారు.

వేదశ్రీ కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది. ఆవిడ దగ్గర అసిస్టెంటుగా చేరి ఏడాదిన్నరైంది. రహమతున్నీసా గారు ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు పెట్టకముందు ఇరవై రెండేళ్లు ఇన్సూరెన్సు సర్వేయరు. కాలిన పత్తి గోడౌన్లలో మసి తవ్వి, ఏ నిప్పు దానంతటదే పుట్టిందో, ఏది అగ్గిపుల్లతో పుట్టిందో తేల్చిన మనిషి. అలాంటి మనిషి పక్కన నిలబడి నోట్సు రాయడమే భాగ్యమని వేదశ్రీ అనుకుంటుంది. అయితే ఈసారి కేసు కంప్యూటర్‌దని తెలియగానే, పీజీడీసీఏ చేసిన ఆ పిల్ల మనసులో చిన్న గర్వం మొలకెత్తింది. ఎందుకంటే కంప్యూటర్ గురించి రహమతున్నీసా గారికి తెలిసింది ఒక్కటే. అది చూడ్డానికి టీవీలా ఉంటుంది కానీ అందులో సీరియళ్లు రావు!

"చెప్పు, ఏం జరిగింది?"

"నన్ను దొంగదాన్ని చేశారు మేడమ్" అంది గుల్షన్.

నరసరావుపేట రోడ్డులో శరత్‌చంద్ర గారి కోల్డ్ స్టోరేజి ఉంది. అందులో అరవై వేల మిరప టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు. ఏ రైతు టిక్కీలు ఏ ఛాంబర్లో, ఎన్నో అంతస్తులో ఉన్నాయో మొత్తం అక్కడున్న ఒక్క పాత కంప్యూటర్లోనే ఉంది. ఆరేళ్ల కిందట కొన్నది. దాని ఆపరేటరు గుల్షన్. అయిదు వారాలుగా ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆమె వచ్చి స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది, కూ కూ కూ అని మూడు కూతలు కూస్తుంది, తెర మాత్రం నల్లగా ఉండిపోతుంది. మెకానిక్ వచ్చి మధ్యాహ్నానికి బాగుచేస్తాడు. మళ్లీ శనివారం సాయంత్రం దాకా దివ్యంగా పనిచేస్తుంది. మళ్లీ సోమవారం, మళ్లీ చీకటి.

"నిన్న దర్శి నుంచి రైతులు లారీ వేసుకొచ్చారు మేడమ్. వాళ్ల సరుకెక్కడుందో తెలీక మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడ్డారు. పెద్ద గొడవైంది. అప్పుడు ఓనరు గారు హమాలీలందరి ముందూ నా మీద అరిచారు. మా అన్న మాలిక్ పక్కనున్న కొత్త కోల్డ్ స్టోరేజిలో పనికి చేరాడు. రైతుల్ని అటు పంపడానికి నేనే ఇదంతా చేస్తున్నానంట. ఆఫీసు తాళంచెవి లాగేసుకున్నారు. వచ్చే సోమవారం కూడా తెర రాకపోతే పోలీసు కంప్లయింటే అన్నారు."

ఆ అమ్మాయి చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను మేడమ్. కానీ ఉన్న కంప్యూటర్ చెడగొట్టిన పిల్లని పేరు పడితే, గుంటూర్లో నన్నెవరు కుర్చీ మీద కూర్చోనిస్తారు?"

రహమతున్నీసా గారు విసనకర్ర కింద పెట్టారు. "వేదా, నీ స్కూటీలో పెట్రోలుందా?"

*

కోల్డ్ స్టోరేజి గేటు దాటగానే ఘాటుకి వేదశ్రీ ఏడు తుమ్ములు తుమ్మింది. ఆఫీసంటే రేకుల కప్పు కింద ఒక గది. లోపల ఒక కూలరు గోల పెడుతూ తిరుగుతోంది.

శరత్‌చంద్రకు నలభై ఏళ్లుంటాయి. మనిషి చెడ్డవాడు కాడు, కానీ కోపం ముక్కు మీదే ఉంటుంది. "మీరెవరైనా సరేనండి, చూసుకోండి. ఆదివారం ఆఫీసు మూసే ఉంటుంది. తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, నిన్నటిదాకా ఒకటి ఆ పిల్ల దగ్గర. ఇంకెవరు చేస్తారు? దయ్యాలొచ్చి చేస్తాయా?"

"దయ్యాలకి సోమవారం పట్టింపు ఉండదులెండి" అన్నారు రహమతున్నీసా గారు. "కూలరు ఆదివారం కూడా నడుస్తుందా?"

"మనిషే లేనప్పుడు కూలరెందుకండి?"

మెకానిక్ ముబీన్ ఆ రోజు అక్కడే ఉన్నాడు. జేబులో మూడు స్క్రూడ్రైవర్లు, మాటలో ముప్పై ఇంగ్లీషు ముక్కలు. వేదశ్రీ నోటు పుస్తకం తెరిచి గుచ్చి గుచ్చి అడిగింది. మొదటి సోమవారం మెమరీ ముక్క ఊడదీసి, కాళ్లు రబ్బరుతో తుడిచి పెట్టాడట, తెర వచ్చింది. రెండో వారం మెమరీయే మార్చాడు, వచ్చింది. మూడో వారం డిస్‌ప్లే కార్డు మార్చాడు, వచ్చింది. నాలుగో వారం కరెంటిచ్చే డబ్బా మార్చాడు. నిన్న మానిటరు వేరేది తెచ్చి తగిలించి చూసి, చివరికి పాతదే పెట్టాడు. అదీ వచ్చింది.

"నేనేది ముట్టుకుంటే అది బాగైపోద్ది మేడమ్" అన్నాడు ముబీన్ కాలరు సర్దుకుంటూ. "కానీ ఎవరో కావాలని కెలుకుతున్నారు. లేకపోతే వారం వారం ఎందుకు పోద్ది?"

"మీరు ఇక్కడికి ఎన్నింటికి వస్తారు బాబూ?" అని అడిగారు రహమతున్నీసా గారు.

"టౌన్లో పనులు చూసుకుని వచ్చేసరికి పదకొండవుద్ది."

"అంతకుముందెప్పుడూ ఇది మొరాయించలేదా?"

"మార్చి ఆఖర్లో ఓసారి మధ్యాహ్నం దానంతటదే ఆగిపోయింది. హీటెక్కింది. అప్పుడే అందరి ముందూ చెప్పా, ముసలి మెషినండీ, దీన్ని చల్లగా ఉంచకపోతే ఒకరోజు మొత్తానికే పోద్ది అని."

వేదశ్రీ వంగి కంప్యూటర్ డబ్బాను పరీక్షించింది. సీపీయూ అని అందరూ పిలిచే ఆ ఇనుప డబ్బా వెనక మరలు సన్నగా తుప్పు పట్టి ఉన్నాయి. ఒక మర సందులో గోనె పీచు ఒకటి ఇరుక్కుని ఉంది. ఆమె ఆ రెండూ రాసుకుని, అవేమంత పెద్ద విషయాలు కావనుకుంది. మెమరీ స్లాటే బీటిచ్చి ఉంటుందని ఆమె పందెం. రహమతున్నీసా గారు మాత్రం ఆ పీచును గోటితో లాగి, కాగితంలో పొట్లం కట్టి, హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నారు.

గుల్షన్ గేటు బయట ఆటోలో కూర్చుని ఉంది. వేదశ్రీ వెళ్లి ఒక ప్రశ్న అడిగి వచ్చింది. మానిటరు తీగను తను ఎప్పుడూ మరలు బిగించే ఉంచుతానని, సోమవారాలు మాత్రం అది ఊరికే దూర్చినట్టు వదులుగా ఉంటోందని, మెకానిక్ బిగించడం మర్చిపోతున్నాడేమో అనుకున్నానని ఆమె చెప్పింది.

ఆఫీసుకి వెనక గోడలో బీరువా పక్కన చిన్న తలుపు ఉంది. దానవతల ఛాంబర్ల ముందున్న పెద్ద హాలు. గడియ హాలు వైపు. దాన్ని అందరూ చీటీలు అందించుకునే కిటికీలాగే చూస్తారు తప్ప తలుపనే అనుకోరు.

ఆ హాల్లోనే మేస్త్రీ జక్రయ్య కనిపించాడు. అరవై దాటిన మనిషి, నెత్తిన తువ్వాలు, ఎండలో కూడా ఒంటి మీద ఉన్ని స్వెట్టరు. గంటగంటకీ ఛాంబర్ల చలి ఎంతుందో చూసి పుస్తకంలో రాస్తాడు. ముప్పై ఏళ్లుగా మిరపకాయలు తప్ప వేరే లోకం తెలియదు.

"ఆ డబ్బా రాకముందు ఒక్కో రైతు సరుకు వెతకటానికి పూటంతా పట్టేదమ్మా. తిట్లు తిని తిని చెవులు తూట్లు పడ్డయ్. అదొచ్చినాక ఒక్క మాట పళ్లేదు. గుల్షనమ్మ చీటీ ఇచ్చుద్ది, నేను సరుకు తెచ్చి పెడతా. ఆ పిల్ల బంగారం. ఏ పాపిష్టోడు చేశాడో గానీ..." అని పళ్లు కొరికాడు.

"కాయలు ఇక్కడ పెట్టకపోతే ఏమవుతుంది జక్రయ్య గారూ?" అన్నారు రహమతున్నీసా గారు.

"ఎండకి రంగు పోవూ? ఎర్రగా ఉన్నయ్యి తెల్లబడతయ్. చల్లగా ఉంటే ఏడాదైనా అట్టనే ఉంటయ్."

"బయటికి తీసేటప్పుడు ఏమైనా పద్ధతి ఉందా?"

జక్రయ్య ముఖం వెలిగింది. పనిని గురించి అడిగేవాళ్లు ఎవరికి దొరుకుతారు? "తీసిందే తడవు మూట ఇప్పకూడదమ్మా. ఈ హాల్లో ఒక పగలూ రాత్రీ ఉంచాల. లేకపోతే బయట ఎండకి కాయ చెమట పట్టుద్ది. చెమట పడితే బూజే."

రహమతున్నీసా గారు ఆయన చలి పుస్తకం తీసుకుని చాలాసేపు తిరగేశారు. వేదశ్రీ భుజం మీదుగా చూసింది. 'ఛాంబర్ తలుపు తీసితిని' అని రాసిన ప్రతిచోటా పక్కన సరుకు నెంబరుంది. కొన్నిచోట్ల మాత్రం లేదు. శనివారం సాయంత్రం ఏడింటికి ఒకటి, సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఒకటి. అదేం పెద్ద విశేషమో ఆమెకు తట్టలేదు.

వెళ్తూ వెళ్తూ ఆవిడ శరత్‌చంద్రతో అన్నారు. "శనివారం సాయంత్రం మీరే కొత్త తాళం కొని వేయండి. చెవి మీ మొలతాడుకే ఉండాలి. గుల్షన్ సోమవారం దాకా గేటు తొక్కదు. సోమవారం ఎనిమిదిన్నరకి అందరూ ఇక్కడ ఉండాలి. నేను రాకముందు స్విచ్ మాత్రం ముట్టుకోవద్దు."

దారిలో వేదశ్రీ ఉండబట్టలేక అడిగింది. "మేడమ్, మెమరీ స్లాటు ప్రాబ్లం కదా?"

"నాకవన్నీ తెలియవు వేదా. ఒకటి చెప్పు. జ్వరమొచ్చిన పిల్లాడికి అయిదుసార్లు అయిదు వేరే వేరే మందులు వేశారు. అయిదుసార్లూ జ్వరం మధ్యాహ్నానికే తగ్గింది. తగ్గించింది మందేనంటావా?"

వేదశ్రీ స్కూటీ నడుపుతూ ఆలోచించింది. లాడ్జి సెంటర్ వచ్చేసరికి మళ్లీ మెమరీ స్లాటు దగ్గరికే వచ్చి చేరింది.

*

సోమవారం ఎనిమిదిన్నర. ఆఫీసు గదిలో శరత్‌చంద్ర, ముబీన్, జక్రయ్య, గుల్షన్ నిలబడి ఉన్నారు. గుల్షన్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గుమ్మం బయట హమాలీలు గుంపు కట్టారు. ఈ వింత చూడ్డానికి పని మానుకున్నారు. వాళ్ల వెనక దర్శి రైతులు ఇద్దరు, మిగిలిన సరుకు కోసం మళ్లీ వచ్చినవాళ్లు. ఓనరు తన చేత్తోనే కొత్త తాళం తీశాడు.

"తాళం చెక్కు చెదర్లేదు కదండీ?" అన్నారు రహమతున్నీసా గారు.

"లేదండి."

"చెవి మీ దగ్గరే ఉంది. గుల్షన్ వారం రోజులుగా ఇటు రాలేదు. మరి ఇప్పుడు స్విచ్ వేస్తే తెర వస్తుందా?"

"రావాలి కదండి మరి!"

"రాదు. వేయకండి కూడా. వేదా, ఆ డబ్బా మూత తియ్యి."

వేదశ్రీ మరలు విప్పి మూత లాగింది. లోపల చెయ్యి పెట్టి, కెవ్వున అరవబోయి ఆపుకుంది. బయట గోడలు సెగలు కక్కుతున్నాయి. ఆ ఇనుము మాత్రం చల్లగా వణికిస్తోంది. కార్డుల మీద, మెమరీ ముక్కల మీద, ఆకుపచ్చ పలక మీద సన్నటి నీటి బొట్లు మెరుస్తున్నాయి. ఆమె వేలు తడితో పైకి లేచింది. అందరూ ఆ వేలునే చూశారు.

"నీళ్లు పోశారా ఎవరన్నా?" అన్నాడు శరత్‌చంద్ర.

"ఎవరూ పోయలేదు. ఐసుపెట్టెలోంచి తీసిన సోడా సీసా బయట పెడితే చెమట పట్టదూ? ఇదీ అంతే. ఈ డబ్బా శనివారం సాయంత్రం నుంచి అరగంట కిందటి దాకా మీ ఛాంబర్లో ఉంది, మిరపకాయలతో పాటు." ఆవిడ పొట్లం విప్పి గోనె పీచును బల్ల మీద పెట్టారు. "గోనెపట్టాలో చుట్టి, జాగ్రత్తగా, పసిపిల్లని మోసినట్టు మోశారు. చెడగొట్టాలనుకున్నవాడు ఇంత ముద్దు చెయ్యడు కదా! అందుకే మొదటిరోజే అనుకున్నాను, ఇది పగతో చేసిన పని కాదని."

"తాళం వేసుంటే ఎట్లా తీసుకెళ్తారండి?"

"మీరు తాళం వేసింది ముందు తలుపుకి. ఈ వెనక తలుపుకి గడియ హాలు వైపుంది. హాల్లో ఉండే మనిషికి మీ తాళంతో పనేముంది? శనివారం తీగలు ఊడబీకి తీసుకెళ్లడం, సోమవారం తెచ్చి మళ్లీ దూర్చడం. మరలు బిగించడం తెలియక తీగ వదులుగా ఉండేది. తడికి వెనక మరలు తుప్పు పట్టాయి. పదకొండయ్యేసరికి ఈ గది వేడికి తడంతా ఆరిపోయేది. సరిగ్గా అప్పుడే ముబీన్ గారు వచ్చి, ఏదో ఒకటి ఊడదీసి పెట్టేవారు. ఏది ముట్టుకుంటే అది బాగయ్యేది!"

హమాలీల్లో ఎవడో కిసుక్కున నవ్వాడు. ముబీన్ స్క్రూడ్రైవర్లను జేబులోకి ఇంకాస్త లోపలికి తోసుకున్నాడు.

"ఇంతకీ ఎవరు?" అన్నాడు శరత్‌చంద్ర.

"తప్పు చేసి కూడా పుస్తకంలో అబద్ధం రాయడం చేతకాని మనిషి. శనివారం ఏడింటికి, సోమవారం ఎనిమిదింటికి తలుపు తీసితిని అని రాశాడు. సరుకు నెంబరు రాయలేదు. రాయడానికి అది సరుకు కాదు కదా." ఆవిడ గొంతు మెత్తబడింది. "జక్రయ్య గారూ, కాయలు తీస్తే ఒక పగలూ రాత్రీ హాల్లో ఉంచాలని నాకు పాఠం చెప్పారు. దీనికి మాత్రం అరగంటే ఇచ్చారేం?"

జక్రయ్య తువ్వాలు చేతిలోకి వచ్చింది.

"ఇనుముక్కూడా చెమట పట్టుద్దని నాకేం తెలుసమ్మా!" అన్నాడు. "చల్లగా ఉంచకపోతే పోద్దని ఈ ముబీనే కదా చెప్పాడు. ఆదివారం కూలరుండదు, రేకులు కొలిమిలా కాల్తయ్. ఎండకి కాయల రంగు పోయినట్టు దీనికీ ఏదో పోద్దనుకున్నా. బాబుగారికి చెబితే ఛాంబర్లో వేరే వస్తువు పెట్టనీడని చెప్పలా. సోమవారం చెడిపోయినా మధ్యాహ్నానికి లేచి కూర్చుంటందంటే నేను చల్లగా పెట్టబట్టే బతుకుతా ఉందనుకున్నా." అతను గుల్షన్ వైపు తిరిగాడు. "పాపిష్టోడు ఎవడో అని తిట్టా కదమ్మా. ఆ పాపిష్టోణ్ణి నేనేనా?"

వేదశ్రీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరు రోజులుగా మెమరీ స్లాటు మెమరీ స్లాటు అని జపం చేసినందుకు సిగ్గేసింది కూడా. అంతా ఆ పుస్తకంలో, ఆ మరల మీద, ఆ ముసలాయన నోట్లో ఉంది. తను రాసుకుంది, మేడమ్ చదివారు. తేడా అంతే!

గుల్షన్ జక్రయ్య చేతులు పట్టుకుంది. "నువ్వు దాన్ని కాపాడదామనుకున్నావు తాతా. నా మీద నింద వేసింది నువ్వు కాదు."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. శరత్‌చంద్ర తల దించుకున్నాడు. అయినా ఓనరు ఓనరే, ఆఖరి ప్రయత్నం చేశాడు. "ఇదంతా బాగానే ఉందండీ. తెర వస్తేనే కదా నమ్మేది?"

"వస్తుంది. ఎవరూ ఏదీ ఊడదీయరు. మూత తీసే ఉంచండి, కూలరు ఆపి ఫ్యాను తిప్పండి. పదకొండుకి వస్తుంది" అన్నారు రహమతున్నీసా గారు. కుర్చీ లాక్కుని కూర్చుని వక్కపలుకు నోట్లో వేసుకున్నారు.

రెండున్నర గంటలు ఒక్కరూ కదల్లేదు. రైతులు గుమ్మంలో గొంతుక్కూర్చున్నారు. హమాలీలు పందేలు కాశారు. వేదశ్రీ పావుగంటకోసారి లోపల వేలు పెట్టి చూసింది. చల్లదనం పోయింది, తడి పోయింది, చివరికి ఇనుము గోరువెచ్చగా అయింది. అయినా కార్డుల సందుల్లో పూర్తిగా ఆరాలని ఆవిడ ఇంకా ఆగమన్నారు. పదకొండు కొట్టాక మరలన్నీ బిగించి, మానిటరు తీగ గట్టిగా తిప్పి, వేదశ్రీ పక్కకి జరిగింది.

"నువ్వెయ్యి తల్లీ" అన్నారు రహమతున్నీసా గారు.

గుల్షన్ ముందుకొచ్చింది. స్విచ్ పడింది. ఫ్యాను తిరిగింది. ఒక్కటే చిన్న కూత. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు బారులు తీరాయి, వాటి వెనక నీలం రంగు తెర నిండా పరుచుకుంది. "వచ్చిందిరోయ్!" అని హమాలీలు పెట్టిన కేకకి బీరువా మీద పావురం లేచిపోయింది. వేదశ్రీ తనకు తెలియకుండానే చప్పట్లు కొట్టింది. రహమతున్నీసా గారు మాత్రం ముందే చదివిన ఉత్తరాన్ని మళ్లీ చూసినట్టు తెర వైపు ఓసారి చూసి ఊరుకున్నారు.

శరత్‌చంద్ర బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "సారీ గుల్షన్. ఏదో కోపంలో అన్నాను. రేపట్నుంచి పనిలోకి రా" అన్నాడు.

గుల్షన్ తల ఎత్తింది. అయిదు వారాలుగా ఆ పిల్ల ముఖంలో లేని వెలుగు ఇప్పుడుంది. "దొంగ అన్నది గట్టిగా అన్నారు సార్. అందరి ముందూ అన్నారు. ఇదీ అట్టాగే చెప్పండి."

శరత్‌చంద్ర చెవులు మిరప్పండులా ఎర్రబడ్డాయి. అటూ ఇటూ చూశాడు. రహమతున్నీసా గారు వక్కపలుకు నములుతూ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ఏమాత్రం సాయం చేసేలా లేరు. చివరికి గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాడు.

"గుల్షన్ తప్పేమీ లేదు. నేనే తొందరపడ్డాను" అన్నాడు.

"వినపళ్లేదు బాబుగారో!" అన్నాడు వెనక నుంచి ఒక హమాలీ.

"గుల్షన్ తప్పేమీ లేదు! తప్పు నాది!" అని ఈసారి శరత్‌చంద్ర యార్డంతా మోగేలా అరిచాడు.

గుల్షన్ కుర్చీ ముందుకు లాక్కుని కూర్చుంది. కళ్లు తుడుచుకుని, కీబోర్డు మీద చేతులు పెట్టి, గుమ్మం వైపు గొంతెత్తి పిలిచింది. "దర్శి వాళ్లెవరండీ? రండి, మీ టిక్కీలెక్కడున్నాయో చెప్తాను."